పెద్ద కారు భద్రమైన కారేనా?

"గట్టి బండి కావాలోయ్! గుద్దితే అవతలి బండి పచ్చడి కావాలి గాని, మన బండికి సొట్ట పడకూడదు!"

మా వీధిలోని ఒక పెద్దాయన అన్న మాట ఇది. ఇంట్లో ఏడుగురు మనుషులు. కొత్త కారు కొనే స్తోమత లేదు. అందుకని పదిహేనేళ్లనాటి ఎత్తయిన, బరువైన పాతబండిని ఒకదాన్ని చూసి వచ్చారు. దాని వెనకభాగంలో రెండు పక్కలా, ఎదురుబొదురుగా, బల్లల్లాంటి సీట్లున్నాయి. "పిల్లలు అక్కడ కూర్చుంటారు" అన్నారు. ఆయన మనవడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, తాతయ్య చెప్పింది నిజమేనా?" అని అడిగాడు.

సగం నిజం. ముందు ఆ సగమే చూద్దాం.

1600 కిలోల కారు, 800 కిలోల కారు చెరి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొని, ఒకదాన్నొకటి కరుచుకుపోయాయనుకోండి. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం మీకు తెలిసిందే. లెక్క కడితే రెండూ కలిసి పెద్దకారు వెళ్తున్న దిక్కుకే సుమారు 17 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. అంటే పెద్దకారు వేగంలో మార్పు 33. చిన్నకారు మాత్రం తన 50ని పోగొట్టుకుని, పైగా 17 వేగంతో వెనక్కి నెట్టబడింది. దాని మార్పు 67! రెండు కార్లకూ ఇది జరగడానికి పట్టే సమయం ఒకటే, సెకనులో పదోవంతు పాటి. కాబట్టి చిన్నకారులోని మనిషికి రెట్టింపు దెబ్బ. తాతగారికి ఇక్కడ మార్కులు వేయాల్సిందే. కాకపోతే ఆయన ఇంటివాళ్లకు తగ్గిన దెబ్బ ఎక్కడికీ పోలేదు, అవతలి కారులోని ఇంటివాళ్ల మీద పడింది. ఈ లాభం నా మనసుకు అంతగా నచ్చదు. అది వేరే సంగతి.

మరి ఎదురుగా వచ్చింది చిన్నకారు కాక, చింతచెట్టో కల్వర్టు గోడో, లోడు లారీయో అయితే? అప్పుడు బరువు అక్కరకు రాదు. కదిలే బండికున్న గతిజశక్తి అంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. బండి ముందుభాగం మడతలు పడి నలిగితే అక్కడ ఖర్చవుతుంది. నలగనంటే లోపలి మనుషుల మీద ఖర్చవుతుంది. 60 సెంటీమీటర్ల మేర నలిగి ఆగే బండితో పోలిస్తే, 20 సెంటీమీటర్లలోనే ఆగిపోయే బండిలో సగటు బలం మూడురెట్లు. "సొట్ట పడకూడదు" అనడంలో ఉన్న ప్రమాదం ఇదన్నమాట. ముందుభాగం నలగాలి, మనుషులు కూర్చునే గది మాత్రం నలగకూడదు.

ఇది కాగితం మీది లెక్క కాదు. అమెరికాలో రహదారి భద్రత కోసం బీమా కంపెనీల ఖర్చుతో నడిచే సంస్థ ఒకటుంది. వాళ్లు 2009లో 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్ కారునూ, అదే కంపెనీ 2009లో తయారుచేసిన మాలిబూ కారునూ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించారు. పాతది మరింత పొడవైనది, చూడ్డానికి ఉక్కుకోటలా ఉండేది. తీరా చూస్తే కోటే కూలింది. డ్రైవరు కూర్చునే చోటు ముడుచుకుపోయింది. మనిషికి బదులు అందులో పెట్టిన బొమ్మకు తగిలిన దెబ్బల్ని బట్టి, మనిషైతే బతికేవాడు కాదని తేల్చారు. కొత్తకారు డ్రైవరుకైతే మహా అయితే కాలికి చిన్న దెబ్బ!

అందుచేత పాతకారు కొనేటప్పుడు పొడుగూ వెడల్పూ కన్నా ముందు అడగాల్సింది ఏ సంవత్సరంలో తయారైందని. మన దేశంలో కొత్తగా అమ్మే కార్లకు ఏబీఎస్ బ్రేకులు 2019 ఏప్రిల్ నుంచీ, డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ అదే సంవత్సరం జూలై నుంచీ తప్పనిసరి అయ్యాయి. తయారైన నెల, సంవత్సరం రిజిస్ట్రేషన్ పత్రంలోనే ఉంటాయి. అదే సొమ్ముకు పాత పెద్దబండీ, అంతకన్నా కొంచెం చిన్నదైనా ఈ తేదీల తరవాతి బండీ దొరికితే, నేనైతే రెండోదే కొంటాను.

"ఏడుగురం ఎలా పడతాం?" అని తాతగారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మూడు వరసల సీట్ల బండి కొనండి. కాని సీట్లు లెక్కపెట్టకండి, బెల్టులు లెక్కపెట్టండి. భుజం మీదుగా, నడుము మీదుగా పట్టుకునే బెల్టు ఎన్ని సీట్లకుంటే ఆ బండిలో అంతమందికే చోటున్నట్టు. వెనక బల్లల మీద బెల్టు లేకుండా కూర్చున్న పిల్లవాడు, బండి ఆగినా తాను 50 కిలోమీటర్ల వేగంతోనే ముందుకు పోతాడు. ఇదే జడత్వం. ఆ వేగం మూడంతస్తుల మేడ మీంచి నేల మీద పడ్డప్పటి వేగంతో సమానం. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లను, బండి మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోట కూర్చోబెట్టడం మనకు అలవాటైపోయింది. ఏడాదికి రెండు పెళ్లిళ్లకు వెళ్లాలంటే ఆ రెండు రోజులూ అద్దెబండి మాట్లాడుకోవచ్చు.

ఇక కారు పన్నెండు నెలలూ తిరగాలి కదా! మన ఎండలకు వైపర్ రబ్బరు పెళుసెక్కి, ఆ సంగతి జూన్ మొదటి వానలో గాని తెలియదు. హెడ్‌లైట్ల ముందరి ప్లాస్టిక్ పచ్చబడి, పుష్యమాసపు మంచులో దారి కనబడదు. వీటికి ఖర్చు తక్కువే. అసలు చూడాల్సింది టైర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగం మీద మంచి టైర్లున్న కారు పొడిరోడ్డు మీద సుమారు 20 మీటర్లలో ఆగితే, తడిరోడ్డు మీద 35 మీటర్లు పట్టొచ్చు. అరిగిన టైరైతే గాళ్లలోంచి నీరు పోయే దారి లేక, నీటిపొర మీద తేలిపోతుంది కూడా. బరువుబండి త్వరగా ఆగుతుందనుకునేరు! బరువుతోపాటు ఘర్షణా పెరుగుతుంది, ఆపాల్సిన ద్రవ్యరాశీ పెరుగుతుంది. లెక్కలో రెండూ కొట్టుకుపోతాయి. ఎత్తయిన బండికైతే గురుత్వకేంద్రం పైన ఉంటుంది గనక, మలుపులో పల్టీకొట్టే భయం అదనం.

2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో, ఎన్నో కార్లు నీట మునిగాయి. అలా మునిగిన బండిని కడిగి, తుడిచి అమ్మితే పైకి కొత్తపెళ్లికూతురులా ఉంటుంది. లోపలి విద్యుత్ తీగల చివర్లు మాత్రం మెల్లగా తుప్పుపడుతుంటాయి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో తాళం తిప్పగానే దాని దీపం వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోయినా తప్పే, అసలు వెలగకపోయినా తప్పే.

ఆదివారం తాతగారితోపాటు మేమిద్దరం కూడా వెళ్లాం. కుర్రవాడు ముందు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాడు. ఎప్పుడూ చుట్టలోనే ఉండిపోయే చివరి జానెడు మేర ఎండిన బురదచార కనబడింది. టైరు పక్కన 1114 అని నాలుగంకెలు చదివాడు. 2014లో 11వ వారం టైరు! బెల్టులు లెక్కపెడితే అయిదే తేలాయి, సీట్లు తొమ్మిది. అమ్మే ఆయన మొహం ముడుచుకున్నాడు. తాతగారు మనవడితో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ బండి ఇప్పటికీ ఆ షెడ్డు ముందే ఉంది. నిన్న అటుగా వెళ్తుంటే, ఎవరో కుటుంబమంతా వచ్చి దాని చుట్టూ తిరుగుతున్నారు. ఇద్దరు పిల్లలు అప్పుడే వెనక బల్లల మీదికెక్కి కూర్చున్నారు.