మూసీలో దొరికిన హార్డ్ డిస్క్ ముక్కలు: ఉద్యోగార్థులకు ఏం చెబుతున్నాయి?

తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు 2023 డిసెంబరు 3న వచ్చాయి. మర్నాడు రాత్రి స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్ కార్యాలయంలో కొన్ని హార్డ్ డిస్కులను ఊడదీసి, కట్టర్‌తో ముక్కలు చేసి, మూసీలో పడేశారన్నది ఫోన్ ట్యాపింగ్ కేసులో పోలీసుల అభియోగం. 2024 మార్చిలో పంజాగుట్ట ఠాణాలో కేసు నమోదైంది. ఆ తర్వాత నాగోలు దగ్గర మూసీలోంచి డిస్కు శకలాలను వెలికితీశారు. నిజానిజాలు తేల్చాల్సింది న్యాయస్థానమే. మనకు ఇక్కడ కావాల్సిన ప్రశ్న వేరే ఉంది. పాడైన డిస్కులోంచి సమాచారం ఎప్పుడు తిరిగి వస్తుంది, ఎప్పుడు రాదు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే రెండు చోట్లు హైదరాబాద్‌లో పక్కపక్కనే ఉన్నాయి. అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్, చిరాగ్‌అలీ లేన్ పరిసరాల్లో ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే దుకాణాలున్నాయి. అక్కడి నుంచి కాస్త దూరంలో, నాంపల్లి రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ లేబొరేటరీ ఉంది. ప్రాజెక్టు రిపోర్టు పోయిన విద్యార్థి మొదటి చోటికి వెళ్తాడు. పోలీసులు సీజ్ చేసిన డిస్కు రెండో చోటికి వెళ్తుంది. పని తెలిసినవాళ్లు రెండు చోట్లా పాటించే మొదటి సూత్రం మాత్రం ఒక్కటే: ముందు కాపీ తీయాలి, ఆ కాపీ మీదే పనిచేయాలి.

నష్టం మూడు రకాలు

మొదటిది డిలీట్. ఫైల్ డిలీట్ చేస్తే మామూలు హార్డ్ డిస్కులో డేటా వెంటనే చెరిగిపోదు. ఆ చోటు ఖాళీ అని సిస్టమ్ గుర్తు పెట్టుకుంటుందంతే. దాని మీద కొత్త ఫైల్ పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీల్లో అలా కాదు. ‘ట్రిమ్’ అనే ఏర్పాటు వల్ల డిలీట్ చేసిన భాగాలను డ్రైవే తనంతట తాను ఖాళీ చేసేస్తుంది. అందుకే వాటిలో రికవరీ అవకాశం చాలా తక్కువ.

రెండోది యంత్రం చెడటం. హార్డ్ డిస్కులో అద్దంలా నునుపైన పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. వాటిపై కొన్ని నానోమీటర్ల ఎత్తులో హెడ్ తేలుతూ చదువుతుంది. హెడ్ దెబ్బతింటే టిక్ టిక్ మని చప్పుడు వస్తుంది. డేటా అప్పటికి పళ్లెం మీదే భద్రంగా ఉండొచ్చు. డిస్కును నడిపిన కొద్దీ హెడ్ పళ్లేన్ని గీరేస్తుంది.

మూడోది పళ్లేన్నే కోసేయడం. సమాచారం ఉండేదే ఆ పళ్లెం మీది పూతలో. ముక్కలను మళ్లీ తిప్పి చదవడం మామూలు పద్ధతుల్లో సాధ్యం కాదు. మూసీ ముక్కలు తెచ్చిపెట్టిన చిక్కు ఇదే.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఒకటుంది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా షటిల్ శకలాల్లో ఒక చిన్న హార్డ్ డిస్కు దొరికింది. బయట అంతా కాలిపోయింది, పళ్లేలు మాత్రం పెద్దగా దెబ్బతినలేదు. నిపుణులు వాటిని శుభ్రం చేసి, కొత్త డ్రైవులో అమర్చి దాదాపు 99 శాతం డేటా బయటికి తీశారు. అందులోని గ్జెనాన్ వాయు ప్రయోగ ఫలితాలు 2008లో పరిశోధన పత్రంగా వెలువడ్డాయి. ఆకాశం నుంచి పడిన డిస్కు చదవగలిగారంటే కారణం పళ్లెం మిగలడమే.

మీ డిస్కు చప్పుడు చేస్తే..

* వెంటనే ఆపేయండి. ‘ఇంకొక్కసారి ఆన్ చేసి చూద్దాం’ అనుకోవద్దు.
* చెడిపోతున్న డిస్కు మీద చెక్‌డిస్క్ లాంటివి నడపొద్దు. అవి డిస్కుతో బోలెడు పని చేయిస్తాయి, దానిలో మార్పులూ రాస్తాయి.
* ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పడం లాంటి చిట్కాలు నమ్మొద్దు. లోపల ఒక్క దుమ్ము కణం పడినా హెడ్‌కు ప్రమాదమే.
* చప్పుడు లేకుండా నెమ్మదించిందంటే, కంప్యూటర్ మీద పట్టున్నవాళ్లు ‘డీడీ రెస్క్యూ’ అనే ఉచిత సాధనంతో వేరే డిస్కులోకి కాపీ తీయొచ్చు. అది బాగున్న భాగాలను ముందు తీసుకుని, మొండికేసే వాటిని చివరికి వదిలేస్తుంది.
* దుకాణానికి ఇస్తే ముందే అడగండి: కాపీ తీసి పనిచేస్తారా? డిస్కు తెరవాల్సి వస్తే క్లీన్ రూమ్ ఉందా? డేటా రాకపోయినా డబ్బు కట్టాలా? అందులో మీ ఆధార్, బ్యాంకు కాగితాలూ ఉంటాయి కాబట్టి రసీదు లేకుండా వదిలి రావొద్దు.

మార్కుల మెమోలు డిజీలాకర్‌లో, రెజ్యూమే, ప్రాజెక్టు ఫైళ్లు క్లౌడ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టుకుంటే ఈ తిప్పలే ఉండవు.

ల్యాబ్‌లో అదనంగా ఉండేది రుజువు

అబిడ్స్‌లో ఫైల్ వచ్చేస్తే పని అయిపోయినట్లే. నాంపల్లిలో అలా కుదరదు. డిస్కులో ఒక్క అక్షరం కూడా మారలేదని కోర్టుకు చూపించాలి. అందుకే ‘రైట్ బ్లాకర్’ పెట్టి కాపీ తీస్తారు. అసలుకూ కాపీకీ ‘హాష్’ లెక్కిస్తారు. అది డేటాకు వేలిముద్ర లాంటిది. రెండూ ఒకటైతే కాపీ నమ్మదగినదే.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం దీన్ని మరింత గట్టి చేసింది. సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతోపాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో హాష్ విలువ రాయాలి, ఒక భాగాన్ని నిపుణుడు నింపాలి. అదేరోజు అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. అంటే ఈ పని తెలిసినవాళ్ల అవసరం ఒక్క నాంపల్లికే పరిమితం కాదు.

దారులు ఇవీ..

గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో ఎంఎస్సీ ఉంది. రాష్ట్ర ల్యాబ్ కొలువులకు పోలీసు నియామక మండలి నోటిఫికేషన్లు ఇస్తుంది. పోస్టును బట్టి అర్హతలు మారతాయి కనుక నోటిఫికేషన్ పూర్తిగా చదవాలి. రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. ప్రైవేటు రంగంలో బ్యాంకులు, ఆడిట్ సంస్థలు, ఐటీ కంపెనీల సెక్యూరిటీ బృందాలకూ ఇదే నైపుణ్యం కావాలి.

నేర్చుకోవడానికి ఖర్చు పెద్దగా లేదు. ఒక పాత పెన్‌డ్రైవ్ తీసుకోండి. కొన్ని ఫొటోలు వేసి డిలీట్ చేయండి. ‘ఎఫ్‌టీకే ఇమేజర్’తో కాపీ తీసి, హాష్ రాసిపెట్టుకుని, ‘ఆటాప్సీ’లో తెరిచి వెతకండి. చేసిన ప్రతి అడుగునూ టైముతో సహా నోట్సు రాయండి. మీ రెజ్యూమేలో చూపించుకోవడానికి అదే మొదటి ప్రాజెక్టు.

‘డిస్కు ఫెయిల్ అవుతోంది, ముందేం చేస్తావ్?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది సాఫ్ట్‌వేర్ పేర్లు చెబుతారు. మీరు ముందు ఆపేస్తానని, తర్వాత కాపీ తీస్తానని చెప్పండి. ఎందుకని అడిగితే కొలంబియాలో మిగిలిన పళ్లెం గురించి, మూసీలో మిగలని పళ్లెం గురించి వివరించండి.