బలిపీఠము, గుడారము, బావి



దసరా దాటిందంటే మా ఆదోని వైపు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. మావాళ్లు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయి ఉగాది నాటికి తిరిగి వచ్చేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. ఇప్పుడు రాస్తున్నది వాళ్ల గురించి కాదు. తిరిగి రావాలనే లెక్క లేకుండా భార్యాపిల్లలతో, ఒక్కోసారి ముసలి తల్లితో సహా బెంగుళూరుకో హైదరాబాదుకో పోయి, గది బాడుగకు తీసుకొని, పిల్లల్ని అక్కడి బడిలో వేసే కుటుంబాల గురించి. మా చిన్న సంఘంలోనే అట్లాంటివి ఏటా రెండో మూడో ఉంటున్నాయి.

పోయే ముందు వాళ్లందరూ వచ్చి అడిగేది ఒకటే. "అయ్యగారూ, పోవాలా వద్దా? ప్రార్థన చేసి, ప్రభువు ఏం చెప్పినాడో మాకు చెప్పండి."

ప్రార్థన చేస్తాను. చెప్పడం మాత్రం చేయను. ఇది కొందరికి నచ్చదు. ఫలానా ఊళ్లో దైవజనుడు కళ్లు మూసుకొని ఐదు నిమిషాల్లో చెప్తాడు, మన అయ్యగారికి ఆ వరం లేదు అనుకునేవాళ్లూ ఉన్నారు. అనుకోనీ. దేవుడు తన ప్రజలను నడిపించడని నేను ఎన్నడూ అనను. నా బాధ వేరే. మనం ప్రార్థన అంతా బస్సు ఎక్కక ముందే ఖర్చు పెట్టేస్తున్నాం. పోవాలా వద్దా అని మూడు రోజులు ఉపవాసం ఉంటాం. పోయిన వారానికే ఇంట్లో కుటుంబ ప్రార్థన ఆగిపోతుంది. పని దూరం, గది ఇరుకు, ఒంటి నొప్పులు, నిద్ర. దేవుని మీద ఆనుకోవలసిన రోజులేమో సరిగ్గా అవే.

నాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి చెప్తాను, మా సంఘం వాళ్లు కాదు. ఒక కూడికలో బయటినుంచి వచ్చిన బోధకుడు వాళ్లకు దక్షిణ దిక్కున తలుపు తెరవబడిందని చెప్పాడు. ఎద్దుల జత అమ్మి గదికి అడ్వాన్సు కట్టారు. నాలుగు నెలలు పని చేయించుకున్న మేస్త్రీ డబ్బులివ్వకుండా కనపడకుండా పోయాడు. ఆమెకు కామెర్లు వచ్చాయి. ఆరో నెలలో తిరిగి ఊరు చేరారు. అప్పుడు ఆ బోధకుని మనుషులే ఏమన్నారో తెలుసా? వీళ్లకు విశ్వాసం చాలలేదన్నారు. ఆ ఇంటాయన రెండేళ్లు మందిరం గడప తొక్కలేదు. ఎద్దులు మళ్లీ కొనుక్కోవచ్చు. కష్టం వచ్చిందంటే దేవుడు అక్కడ లేనట్టే అని ఆయన మనసులో నాటిపోయారు చూడండి, దాన్ని పెరకడం చాలా కష్టంగా ఉంది.

అందుకే పోయే ప్రతి కుటుంబానికీ ఆదికాండము 26వ అధ్యాయం చదివి వినిపిస్తాను. అబ్రాహాము ప్రయాణం గురించి ప్రసంగాలు బోలెడు. ఇస్సాకును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ మనలాంటి కరువు ప్రాంతం వాళ్లకు ఇస్సాకే దగ్గర మనిషి. ఆ అధ్యాయం మొదలయ్యేదే కరువుతో. ఐగుప్తుకు వెళ్లవద్దు, నేను చెప్పిన దేశంలోనే ఉండు, నీకు తోడుగా ఉంటానని దేవుడు ఆయనకు చెప్పాడు. ఆయన గెరారులో ఉండిపోయాడు. పంట పండింది, మందలు పెరిగాయి. అది చూసి అక్కడివాళ్లకు కన్ను కుట్టింది. మా దగ్గర ఉండవద్దు పొమ్మన్నారు.

గెరారు లోయకు జరిగి, పనివాళ్లతో బావి తవ్విస్తే నీళ్లు పడ్డాయి. అక్కడి కాపరులు వచ్చి నీళ్లు మావంటే మావని జగడం పెట్టుకున్నారు. ఆ బావికి ఏశెకు అని పేరు పెట్టి వదిలేశాడు. రెండో బావి దగ్గరా అదే గొడవ, దాని పేరు శిత్నా. మూడో బావి దగ్గర ఎవరూ జగడానికి రాలేదు. ఇక్కడ చోటు దొరికిందని దానికి రహెబోతు అని పేరు పెట్టాడు.

ప్రియులారా, ఒక్క సంగతి ఆలోచించండి. ఇస్సాకు ఆ దేశంలో ఉన్నది దేవుని మాట ప్రకారమే. దేవుడు ఉండమన్న చోట ఉన్నవానికే రెండు బావులు చేజారిపోయాయి. మొదటి బావి పోగానే ఎవరైనా వచ్చి, ఇది దేవుని చిత్తం కాదు, నీకు విశ్వాసం చాలలేదు అని ఉంటే? వాక్యంలో అట్లాంటి మాట ఎవరూ అనలేదు. బావి పోతే ఇంకో బావి తవ్వాడు, అంతే. కొత్త కాలనీలో కొళాయి దగ్గర బిందె పక్కకు నెట్టించుకున్న మా అక్కచెల్లెళ్లకు ఈ అధ్యాయం నేను వివరించనక్కరలేదు. వాళ్లే నాకు వివరిస్తారు.

తర్వాత బెయేర్షెబాకు వెళ్లాడు. ఆ రాత్రి దేవుడు కనబడి భయపడవద్దన్నాడు. అన్నాడంటే ఇస్సాకుకు లోపల భయం ఉందనే కదా! మందలున్నాయి, పనివాళ్లున్నారు, ముందే ఒక వాగ్దానం చేతిలో ఉంది. అయినా కొత్త చోట రాత్రిపూట భయమేసింది. భయపడినందుకు దేవుడు ఆయనను గద్దించలేదు, వచ్చి మాట్లాడాడు. ఇక 25వ వచనంలో వరుస చూడండి. ముందు బలిపీఠము కట్టి యెహోవాకు ప్రార్థన చేశాడు. తర్వాత గుడారము వేసుకున్నాడు. తర్వాత పనివాళ్లు బావి తవ్వడం మొదలుపెట్టారు. మూడూ ఒక్క వచనంలోనే ఉన్నాయి. బలిపీఠము కట్టాను కాబట్టి బావి అక్కరలేదని కూర్చోలేదు. బావి తవ్వి నీళ్లు పడ్డాక తీరిగ్గా బలిపీఠము సంగతి చూద్దామని కూడా అనుకోలేదు.

మనలో చాలామంది ఈ రెండో తప్పులో ఉన్నారు. అడ్వాన్సు తీరనీ, పిల్లల బడి సర్దుకోనీ, ఆ తర్వాత ప్రార్థన సంగతి చూద్దాం అంటారు. అడ్వాన్సు తీరేసరికి అలవాటు పోయి ఉంటుంది.

మొదటి తప్పు గురించి కూడా రాయాలి, ఎందుకంటే దాన్ని మా పాస్టర్లమే ఎక్కువ పెంచుతున్నాం. డిసెంబరు 31 రాత్రి కూడికలో వాగ్దాన కార్డులు పంచుతాం కదా. వాటిలో యిర్మీయా 29:11 ఎప్పుడూ ఉంటుంది, మేలు కోరే ఉద్దేశాలు దేవునికి ఉన్నాయనే వచనం. ఊరు విడిచేవాళ్లు ఆ కార్డును పర్సులో పెట్టుకొని పోతారు. మంచిదే. కానీ ఆ మాట ఎవరికి రాయబడింది? బబులోనుకు చెరగా పోయినవాళ్లకు. దానికి ముందు 10వ వచనంలోనే ఇంకా డెబ్బది సంవత్సరాలు పడుతుందని ఉంది. డెబ్బది సంవత్సరాల సంగతి ఏ కార్డు మీదా అచ్చు వేయరు! ఇంకా పైకి వెళ్తే, ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకొని వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెండ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అని ఉంది. త్వరలో తిరిగి వస్తారని తీపి కబుర్లు చెప్పే ప్రవక్తలను నమ్మవద్దని 8, 9 వచనాల్లో హెచ్చరిక కూడా ఉంది. ఉత్తరం మొత్తం చదవకుండా ఒక వచనం కత్తిరించి చేతిలో పెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇక కాగితాల సంగతి. దేవుని నమ్మినవాళ్లకు కాగితాలెందుకు అనేవాళ్లకు ఎజ్రా, నెహెమ్యా ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఎజ్రా అహవా నది దగ్గర ఉపవాసం ప్రకటించి, మా కొరకు, మా చిన్నవాళ్ల కొరకు, మా ఆస్తి కొరకు శుభప్రయాణం కావాలని దేవుని వేడుకున్నాడు. రాజును సైన్యం అడగడానికి సిగ్గుపడ్డాడు. నెహెమ్యానేమో అదే దేవునికి ప్రార్థన చేసి, రాజు దగ్గర అధికారులకు తాకీదులు, కలప కోసం ఉత్తరం అడిగి తీసుకున్నాడు. రాజు గుర్రపు రౌతులను పంపితే వద్దనలేదు. ఇద్దరూ విశ్వాసులే. కలప చీటీ దేవుని హస్తం వల్లనే దొరికిందని నెహెమ్యా రాసుకున్నాడు. మరి మనకు టీసీ, ఆధార్ కార్డు దేవుని హస్తం కాకుండా పోతాయా?

మా వాళ్లకు తెలియక నష్టపోతున్నవి కొన్ని ఉన్నాయి. టీసీ రావడం ఆలస్యమైందని పిల్లను బడిలో చేర్చుకోకుండా ఆపకూడదని 2009 విద్యా హక్కు చట్టం ఐదో సెక్షన్‌లోనే ఉంది. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన రేషన్ కార్డు అయితే, ఆ బియ్యం కోసం ఊరికి రానక్కరలేదు, వేరే రాష్ట్రంలో చౌకధరల దుకాణంలో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఇల్లు కట్టే పనుల్లో ఏడాదిలో 90 రోజులు చేసినవాళ్లు 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉంటే భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఇవన్నీ బావి తవ్వే పనులే. ఉపవాసం ఉన్న రోజే జిరాక్సులు కూడా తీయించుకోండి.

పోయిన చోట ఏమని ప్రార్థించాలి? "ప్రభువా, కాపాడు" అని ఊరికే అంటే రెండు రోజుల్లో నోరు అలసిపోతుంది. మా సంఘం నుంచి పోయిన ఒక సోదరి ఉంది. రేకుల షెడ్డులో కాపురం, పగలంతా ఇటుకలు మోసే పని. రాత్రి పిల్లలు పడుకునే ముందు పది నిమిషాలు కూర్చుంటారు. ఆమె చదువుకోలేదు. పిల్లవాడు ఒక కీర్తన చదువుతాడు. తర్వాత ఆ రోజు తగిలిన మనుషుల్ని పేరుపేరునా తలుచుకుంటారు, మేస్త్రీ, బడిలో టీచరమ్మ, పక్క షెడ్డులో కన్నడం మాట్లాడే ముసలామె, రెండు బిందెలకు మించి నీళ్లు పట్టుకోనివ్వని ఓనరమ్మ. ఆ ఓనరమ్మ ఇప్పుడు మారిపోయిందా అని అడిగాను. "లేదయ్యా, ఇప్పటికీ బిందెలు లెక్క పెడుతుంది. నాకే ఆమెను చూస్తే భయం పోయింది" అంది. సెమినరీలో ప్రార్థన గురించి నేను చదువుకున్న పాఠాలన్నిటికంటే ఆ మాట నాకు ఎక్కువ పనికొచ్చింది.

మేము ఈ ఊరికి వచ్చిన మొదటి నెలలో ఇల్లు వెదుకుతుంటే, ఎంతమంది ఉంటారు అని అడిగే ముందే "మీరేమిట్లు?" అని అడిగేవాళ్లు. జవాబు విన్నాక ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశామనేవాళ్లు. పట్నంలో కూడా మా పిల్లలకు ఆ ప్రశ్న తప్పడం లేదు. దాన్ని శోధన అని ఒక్క మాటలో దాటేయడం నాకు ఇష్టం లేదు. అది అన్యాయం. దేవుని ఎదుట దాన్ని అన్యాయమని పేరు పెట్టి చెప్పుకోవచ్చు, కీర్తనల నిండా అట్లాంటి ప్రార్థనలే ఉన్నాయి.

ఇక ఊళ్లో ఉండిపోయిన మన సంగతి. తెలుగువాళ్లు పొట్టకూటికి దూరం పోవడం నిన్న మొన్న మొదలైంది కాదు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలను తీసుకుపోయింది. ఆ తర్వాత ఏళ్లలో అట్లా చెరకు తోటలకు, తేయాకు తోటలకు పోయినవాళ్లలో మన బాప్తిస్టు విశ్వాసులూ ఉన్నారు. 1903లో ఇక్కడి తెలుగు బాప్తిస్టు సంఘాలు తమ సొంత మిషన్ సొసైటీ ద్వారా జాన్ రంగయ్య గారిని వాళ్ల దగ్గరికి పంపాయి. సముద్రం దాటి పోయినవాళ్లను మన పెద్దలు మరచిపోలేదు. మనకేమో రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి బెంగుళూరు. అయినా పోయిన కుటుంబం పేరు రెండు నెలలకే మన ప్రార్థనలో నుంచి జారిపోతుంది. కానుకల పుస్తకంలో మాత్రం ఉంటుంది!

అందుకని మా సంఘంలో ఒక నోటుబుక్కు పెట్టాం. పోయిన కుటుంబం పేరు, వాళ్లున్న చోటు, పిల్లల తరగతులు అందులో రాస్తాం. అక్కడ దగ్గరలో ఉన్న తెలుగు సంఘం పాస్టరు గారికి ముందే ఫోన్ చేసి చెప్తాం. స్త్రీల కూడికవాళ్లు శనివారం సాయంత్రం ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి, అడిగిన మనవులు రాసి, ఆదివారం చదువుతారు. ఎవరైనా నష్టపోయి తిరిగి వస్తే, ఎందుకు వచ్చారు అని మందిరంలో ఎవరూ అడగకూడదని పెద్దలతో ఒప్పందం చేసుకున్నాం. రూతు గ్రంథంలో నయోమి బేత్లెహేముకు వట్టి చేతులతో తిరిగి వచ్చినప్పుడు ఊరంతా గుంపుకూడి గుసగుసలాడింది. మేము ఆ పని చేయదలచుకోలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఇంకో కుటుంబం యెలహంక వైపు బయలుదేరుతోంది. ఆయనకు సెంట్రింగు పని దొరికింది. గది చూసుకున్నారు, పదడుగులకు పదడుగులు ఉంటుందట. పాప ఐదో తరగతి, టీసీ శుక్రవారమే తీసుకున్నారు. ఆ పాపకు కన్నడ అక్షరం ఒక్కటీ రాదు, బడిలో పక్కన ఎవరు కూర్చుంటారో అని ఇప్పటినుంచే దిగులు పెట్టుకుంది. ఇది చదువుతున్న మీరు ఈ రాత్రి మోకరించినప్పుడు, ఆ పక్కన కూర్చోబోయే పిల్ల కోసం కూడా ప్రార్థన చేయండి.