రంగుల గుత్త - కూలివాని గతి

కొండగట్టు వంటి యాత్రాస్థలమున సత్రమునకు రంగులు వేయు పనిని గుత్తకు గొన్నవాడు దానిని మరియొక మేస్త్రీకి అప్పగించుట కలదు. కూలివాడు పరంజాపైనుండి పడినచో "వాడు మేస్త్రీ మనిషి" యని గుత్తేదారు తప్పించుకొనజూచును. ఇది ధర్మమును గాదు, చట్టమును గాదు. తన వ్యాపారములోని పనిని ఇతరులచే చేయించువాడే పరిహార మీయవలెనని 1923 నాటి పనివారల నష్టపరిహార చట్టపు 12వ సెక్షను విధించినది. ఆ సొమ్మును పిమ్మట మేస్త్రీనుండి రాబట్టుకొను హక్కును అతనికి నిచ్చినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియు ఈ నీతినే నిలిపినది. కాని వట్టిచేతుల మేస్త్రీనుండి రాబట్టునదేమి? కావున గుత్తేదారులు మేస్త్రీ బీమా పత్రమును, దాని గడువును ముందుగా చూచి పని నీయవలెననియు, బీమా రుసుమును గుత్త ధరలోనే చేర్చవలెననియు మేము కోరుచున్నాము. రంగు వెలసిన మరల వేయవచ్చును. కూలివాని కుటుంబము కూలిన నిలుపువారెవ్వరు?