కీళ్ళవాతం - కంటి ఎరుపు

ప్రశ్న: మా అత్తమ్మకు ఆరేండ్ల నుంచి కీళ్ళవాతం. వారం రోజులుగా కన్ను ఎర్రబడి, నొప్పితో రాత్రి నిద్ర లేదు. కండ్లకలకేనని చుక్కలు వేస్తున్నాము. — ఒక సోదరి, భైంసా

జవాబు: ఆ చుక్కలు ఆపి, ఇది చదివిన రోజే కంటి డాక్టరుకు చూపించండమ్మా. కలకలో పుసి, దురద ఉంటాయి గాని ఇంత లోతు నొప్పి ఉండదు. కీళ్ళవాతం వల్ల కంటి తెల్లగుడ్డు కూడా వాచవచ్చు. ఆలస్యమైతే చూపుకే ముప్పు. ముధోలులో 1996లో ఎల్.వి. ప్రసాద్ సంస్థవారు కంటి ఆసుపత్రి పెట్టారు.

ఇసుక పడ్డట్లు మంట మాత్రమే ఉంటే, సాధారణంగా అది కన్నీరు ఎండడం. 1933లో స్వీడన్ వైద్యుడు షోగ్రెన్ వర్ణించిన అటువంటి 19 మంది స్త్రీలలో 13 మందికి కీళ్ళవాపు ఉండినది.

హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు వాడుతుంటే మొదటి ఏడాదిలో ఒకసారి, అయిదేళ్ళు దాటాక ఏటేటా కంటి పరీక్ష తప్పదు. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మానిపించవద్దు.