దోషి సెల్‌ఫోనా? సర్కారా?

కనబడకపోతే లేనట్టేనా?

ఖమ్మం నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా రాజమండ్రి పోయే రోడ్డు రాత్రీపగలూ నడిచే రోడ్డు. ఇలాంటి రోడ్ల మీద, బస్టాండ్ల పక్కన సెక్స్ వర్కర్లను వెతుక్కుంటూ ఒకప్పుడు ఎయిడ్స్ నివారణ కార్యకర్తలు తిరిగేవాళ్లు. కండోమ్‌లు ఇచ్చేవాళ్లు, సుఖవ్యాధుల పరీక్షలకు వెంటబెట్టుకుపోయేవాళ్లు. వాళ్లలో చాలామంది అదే బతుకు బతికిన ఆడవాళ్లే. 2003లో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమైనయి. కొన్నేండ్లకే పేదోళ్ల చేతికీ సెల్లు వచ్చింది. రోడ్డు మీది బేరం ఫోనులోకి పోయింది. మనిషి కార్యకర్త కంటికి అందకుండా పోయింది.

పెద్దమనుషులకు ఇదొక సాకు. ‘సెల్లు వచ్చి ఆడోళ్లను చెడగొట్టింది’ అంటారు. అబద్ధం! ఫోను వచ్చినంక బ్రోకర్‌కు వాటా ఇయ్యకుండా తనే మాట్లాడుకోగలిగింది. రోడ్డు మీద లాఠీదెబ్బ తప్పింది. ఎక్కడికి పోతున్నదో తోటి మనిషికి చెప్పి పోగలిగింది. పాత ఖాతాదారు మందు తాగి గొడవ చేసేవాడైతే ఫోను ఎత్తకుండా ఊరుకోగలిగింది.

మరి ముప్పు లేదా? ఉన్నది. నలుగురు కలిసి నిలబడ్డ చోట ‘వాడు మంచోడు కాదు’ అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఒంటరిగా తెల్వని గదికి పోవాలె. ఒక్కడని చెప్పిన చోట నలుగురుంటే ఏం జేస్తది? కండోమ్ వద్దంటే ఎవరికి చెప్తది? చాటుగా వీడియో తీసి బెదిరిస్తే ఏ ఠాణాకు పోతది? ఫోనులో బేరం కుదుర్చుకునే మహిళల్లో కండోమ్ వాడకం నిలకడగా లేదని 2012లోనే మన దేశంలో ఒక అధ్యయనం చెప్పింది. ఇది ఫోను తప్పు కాదు. ఆమె వెనుక ఎవరూ లేకపోవడం తప్పు.

ఠాణా అంటే ఆమెకు భయమెందుకు? పీటా అని పేపర్లు రాసే 1956 చట్టాన్ని చూపి బెదిరిస్తారని. కానీ 2022 మే 19న సుప్రీంకోర్టు ఏం చెప్పింది? సెక్స్ వర్కర్లను పోలీసులు గౌరవంగా చూడాలె, తిట్టొద్దు, కొట్టొద్దన్నది. కండోమ్‌ను నేరానికి సాక్ష్యంగా చూడొద్దన్నది. దాడుల్లో దొరికినవాళ్ల పేర్లు, ఫొటోలు పేపర్లు, టీవీలు బయటపెట్టొద్దన్నది. ఈ ఆదేశం ఎన్ని ఠాణాల గోడల మీద ఉన్నది?

ఇక మన సరిహద్దు గోస వేరే. 2014లో పోలవరం పేరు చెప్పి ఏడు మండలాలు గుంజుకున్నరు. కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినయి, అశ్వారావుపేట తెలంగాణల మిగిలింది. ఎయిడ్స్ నియంత్రణ సంస్థలు రెండు రాష్ట్రాలకు రెండు. ఫోనుకు సరిహద్దు లేదు, రోగానికీ లేదు. సర్కారు రిజిస్టర్‌కే ఉన్నది. భూమి మునిగి, అడవి పోయి, పని దొరక్క ఇటు వచ్చిన ఆడమనిషికి మందు ఎవరియ్యాలె? మీది కాదంటే మీది కాదని ఇద్దరూ తప్పుకుంటే ఆమె ఎటు పోవాలె?

కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నది ఆత్మగౌరవం కోసం. ఆ గౌరవంలో ఈమెకు వాటా లేదా?

ఫోనులోకి పోయిన మనిషిని ఫోనులోనే కలవాలె. తోటి కార్యకర్తకు ఫోను, దాని ఖర్చు, జీతం సర్కారే ఇయ్యాలె. 1097 ఎయిడ్స్ హెల్ప్‌లైన్ నంబరు ప్రతి ఆమె సెల్లులో ఉండాలె. ఏ రాష్ట్రం అని అడగకుండా సరిహద్దు ఆసుపత్రుల్లో పరీక్ష, మందు దొరకాలె. వీడియోతో బెదిరించినోడి మీద కేసు పెట్టాలె, ఫిర్యాదు చేసిన ఆమె మీద కాదు.

ఆసుపత్రుల్లో పనిచేసే ఉద్యోగ మిత్రులారా, ఆమె చీటీ పట్టుకొని వస్తే ఎగాదిగా చూడకండి. హెచ్‌ఐవీ సంగతి గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెప్తున్నది. విద్యార్థి తమ్ముళ్లారా, అలాంటి వీడియో మీ సెల్లుకు వస్తే ఇంకొకరికి పంపకండి, అక్కడే ఆపండి.

రాష్ట్రం వచ్చింది. అది ఆమె దాకా పోవాలె!