వైరు కలిసింది, లెక్క తప్పింది

బొమ్మలు కలిపి ప్రోగ్రాం కట్టేటప్పుడు డేటా రకాల గొడవ పిల్లలకెందుకు, ఏ పోర్టుకు ఏ వైరు తగిలించినా సాఫ్ట్‌వేరే మార్చుకుంటుంది కదా? ఇంజనీరింగ్ ల్యాబుల్లో తరచూ వినిపించే మాట ఇది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ వెలసిన వరంగల్‌లో ఈ మాట చెల్లుబాటు కావడం నాకు బాధగా ఉంది.

ఇక్కడి ఎనుమాముల పత్తి మార్కెట్ ఎరిగినవాళ్లకు పత్తి తేమ సంగతి చెప్పక్కర్లేదు. భారత పత్తి సంస్థ (సీసీఐ) మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుంది. 12 దాటితే కొనరు. ఈ లెక్కను, బొమ్మలను వైర్లతో కలిపి ప్రోగ్రాం రాసే ల్యాబ్‌వ్యూలో కట్టమని ఒక విద్యార్థికి ఇచ్చామనుకుందాం. మీటరు నుంచి వచ్చే తేమ దశాంశ సంఖ్య, దాని వైరు నారింజ రంగు. దాన్ని తెచ్చి పూర్ణాంకం తీసుకునే నీలం టెర్మినల్‌కు తగిలించాడు. వైరు తెగదు, ప్రోగ్రాం నడుస్తుంది. 8.6 తేమ ఉన్న పత్తి 9 అయిపోతుంది, రైతుకు కోత పెరుగుతుంది. కొనకూడని 12.4 పత్తి 12 అయి గట్టెక్కుతుంది. 12.5 కూడా 12 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే సరిగ్గా సగం వచ్చినప్పుడు ల్యాబ్‌వ్యూ దగ్గరి సరిసంఖ్యకు వెళ్తుంది. అదే 8.6ను సి భాషలో పూర్ణాంకంలో వేస్తే దశాంశం తెగిపడి 8 అవుతుంది, అప్పుడు కోతే లేదు. ఒకే పత్తికి ఇన్ని ధరలు! వీటిలో ఒక్కటి కూడా విద్యార్థి తేల్చుకున్నది కాదు.

టెర్మినల్ మీద ఎర్ర చుక్క పడుతుందిగా, అది హెచ్చరికేగా అంటారు. పడుతుంది. అయితే ఏ నష్టమూ లేకుండా 32 బిట్ల పూర్ణాంకం డబుల్ అనే దశాంశ రకంగా మారినా అదే చుక్క పడుతుంది. దశాంశాన్ని మింగే మార్పుకూ, ఏమీ పోని మార్పుకూ ఒకటే గుర్తు ఉంటే పిల్లలు దాన్ని చూడడం మానేస్తారు. తప్పు వాళ్లది కాదు.

కొత్తవాళ్లను అడుగడుగునా ఆపితే చేతులెత్తేస్తారన్న వాదనలో నిజముంది. అందుకే అన్ని మార్పులనూ ఆపమని నేననను. విలువ చెక్కుచెదరని చోట సాఫ్ట్‌వేరే మార్చుకోనివ్వండి. విలువ తరిగే చోట మాత్రం ఆగాల్సిందే. అక్షరాల గులాబీ వైరును నారింజ టెర్మినల్‌కు తగిలిస్తే ల్యాబ్‌వ్యూ కూడా వైరు తెంపి చూపిస్తుంది. ఆ పట్టుదల సంఖ్యల దగ్గర ఎందుకు సడలాలి? గేములు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్‌లోని బ్లూప్రింట్, రకం మారే చోట వైరు మధ్యలో మార్పిడి నోడ్‌ను కంటికి కనిపించేలా పెడుతుంది. ఇలాగే బ్లాకులు కలిపి నమూనాలు కట్టే సిమ్యులింక్‌లో మార్పిడికి ప్రత్యేకంగా ఒక బ్లాకే ఉంది. కిందికి దించాలా, దగ్గరి సంఖ్యకు తేవాలా, పరిధి దాటితే ఏం చేయాలి అన్నవి అందులో మనమే ఎంచుకోవచ్చు. ఆ ఎంపికే అసలు చదువు.

ల్యాబ్ పాఠాలు చెప్పే మిత్రులకు నా విన్నపం ఒకటే. సరైన జవాబు వచ్చిందని వెంటనే మార్కులు వేయకండి. రకం మారిన ప్రతి వైరు దగ్గరా ఏం పోయిందో, ఎందుకు పోనిచ్చారో రికార్డులో రాయించండి. రాయలేని విద్యార్థి చేత మార్పిడి నోడ్ పెట్టించి, ప్రోగ్రాంను మళ్లీ నడిపించండి.