కల్పించే హక్కు ఎవరిది?

జానీ క్యాష్ 1955లో హంతకుడైన ఖైదీ గొంతుతో ‘ఫోల్సమ్ ప్రిజన్ బ్లూస్’ పాడాడు. ఆ శ్వేతజాతి గాయకుడి పాటను ఎవరూ నేరాంగీకారంగా చదవలేదు. నల్లజాతి రాపర్ యంగ్ థగ్‌పై 2022లో జార్జియాలో దాఖలైన అభియోగపత్రంలో మాత్రం ఆయన పాటల చరణాలే చోటుచేసుకున్నాయి. ‘నేను’ అన్న మాట ఒకరి నోట పాత్ర, మరొకరి నోట వాంగ్మూలం!

ర్యాప్‌లో హింస ఉంది. స్త్రీల పట్ల చులకనా ఉంది, దాన్ని విమర్శించాల్సిందే. అయితే ఆ హింస ఎక్కడిది? కాంప్టన్ బృందం ఎన్.డబ్ల్యు.ఎ. 1988లో పోలీసు దౌర్జన్యంపై పాడింది. మరుసటి ఏడాది ఎఫ్‌బీఐ అధికారి ఒకరు రికార్డు కంపెనీకి అభ్యంతర లేఖ రాశారు. 1991లో లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్‌ను చితకబాదిన వీడియో బయటికొచ్చాక గానీ లోకం ఆ మాట నమ్మలేదు.

కళాసృష్టిని సాక్ష్యంగా అనుమతించే ముందు అది జాతి వివక్షకు తావిస్తుందేమో న్యాయమూర్తి తూచాలని కాలిఫోర్నియా 2022లో చట్టం చేసింది. ఆ తూనిక మన సాహిత్య విమర్శకూ అవసరం. ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం 1995లో వచ్చింది. నేటికీ దళిత కవిత్వంలో అనుభవాన్ని మెచ్చి, శిల్పాన్ని పట్టించుకోని పాఠకులు నాకు విశ్వవిద్యాలయంలోనే తారసపడుతుంటారు.

పెరిగిన వాడ పాటలోకి రాక తప్పదు. కవి దాన్ని ఎంచుతాడు, పెంచుతాడు, మలుస్తాడు. అతని గాయాన్ని గుర్తించి ఈ పనితనాన్ని నిరాకరించడం కూడా కులదృష్టే.